ఓడెక్కిన ఆటల సంచీ

మా అన్నయ్య వేంకటేశ్వర్లు, మా వదిన ఉమామహేశ్వరి ఒకే ఇంట్లో ఉంటారు. ఒకే వేళకి తింటారు, ఒకే టీవీ చూస్తారు, ఒకే డాక్టరు దగ్గరికి ఒకే ఆటోలో వెళ్ళొస్తారు. మాట్లాడుకోవడం మాత్రం నా ద్వారా. బందరులో వాళ్ళది పై వాటా, మాది కింది వాటా. పొద్దున్నే మెట్ల దగ్గర నిలబడి వదిన కేకేస్తుంది.

"హిమా, ఇవాళ కూరేం చెయ్యాలో మీ అన్నయ్యని కనుక్కో."

అన్నయ్య ఆవిడ పక్కనే కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటాడు. నేను పైకెళ్ళి "ఏం కూర అన్నయ్యా?" అంటాను. "దోసకాయ పప్పని చెప్పు" అంటాడు. నేను వదిన వైపు తిరిగి "దోసకాయ పప్పట" అంటాను. ఆవిడకి అప్పుడు వినపడుతుంది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులొస్తున్నాయి.

ఇదంతా అన్నయ్య రిటైరైన రోజు మొదలైంది. కోడూరు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేశాడు. సన్మానంలో శాలువా కప్పడం అయ్యాక, ఎవరో మర్యాదకి "అమ్మగారు కూడా రెండు మాటలు మాట్లాడాలి" అన్నారు. వదిన లేచి మైకు దగ్గరికి వెళ్ళి, కొంగు సర్దుకుని, "అందరికీ నమస్కారం" అంది. పక్కనుంచి అన్నయ్య "నీకెందుకు, వచ్చి కూర్చో" అన్నాడు. మెల్లగానే అన్నాడు గానీ మైకు చెవులు పెద్దవి. హాలంతా వింది. వదిన వచ్చి కూర్చుంది. ఆ కూర్చోవడం కూర్చోవడం, మళ్ళీ ఆయనతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. అన్నయ్య వారం రోజులు ఎదురుచూసి, తనూ మానేశాడు. పౌరుషంలో ఇద్దరికీ నూటికి నూరు.

ఇన్నేళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చాను. ఈ మధ్య మా ఆయన నాగేశ్వరరావు గారు బ్యాంకులో రిటైరయ్యారు. గుడివాడలో ఆయన చెల్లెళ్ళు, స్నేహితులు అందరూ ఉన్నారని అక్కడ ఒక ఫ్లాట్ కొన్నాం. వేసవిలో మారిపోవాలి. ఆ మాట చెబితే వదిన వలుస్తున్న చిక్కుడుకాయలు పక్కన పెట్టేసింది.

"నువ్వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాతో మాట్లాడేదెవరు? నేను హైదరాబాదులో అపూర్వ దగ్గరికి వెళ్ళిపోతానే. మీ అన్నయ్య ఎక్కడుంటారో ఆయనిష్టం. అడిగి చెప్పు" అంది.

అపూర్వ వాళ్ళమ్మాయి. నేను పక్కగదిలోకి వెళ్ళాను. అన్నయ్య అంతా విన్నాడు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. "సరేనని చెప్పు" అన్నాడు.

నేను చెప్పలేదు. ఇన్నేళ్ళలో వాళ్ళ మాట ఒక్కటి కూడా దాచలేదు. కోపంగా అన్నది కోపంగానే, వెటకారంగా అన్నది వెటకారంగానే చేరవేశాను. ఆ "సరే" మాత్రం నా నోట రాలేదు. నాకు భయమేసింది. నా మాట మీద ఇద్దరు ముసలివాళ్ళు విడిపోతారా అనిపించింది.

సరిగ్గా అప్పుడే అన్నయ్య వాళ్ళ రిటైర్డు టీచర్ల సంఘం ఓడ ప్రయాణం పెట్టింది. వైజాగులో ఎక్కి చెన్నైలో దిగడం. భోజనాలు, ఈతకొలను, ఆటపాటలు అన్నీ ఓడలోనే. నేను మా నలుగురి పేర్లూ ఇచ్చేశాను. నాకో ఆలోచన వచ్చింది. బందరులో సీమంతమైనా, షష్టిపూర్తయినా, కిట్టీ పార్టీ అయినా ఆటలాడించేది నేనే. ఆడనని భీష్మించుకున్న తహసీల్దారు గారి భార్య చేత నిమ్మకాయ చెంచా పందెం ఆడించిన చెయ్యి నాది. వీళ్ళిద్దరినీ ఆటలో పెట్టి మాట్లాడించలేనా అనుకున్నాను. హౌసీ డబ్బా, అష్టాచెమ్మా పటం, గవ్వలు, వామనగుంటల పీట, చింతపిక్కలు, కళ్ళగంతలకి నల్లగుడ్డలు, బహుమతులకి చిలకలపూడి రోల్డుగోల్డు గాజులు, అన్నీ ఒక పెద్ద సంచీలో కుక్కాను. అది చూసి మా ఆయన "మన బట్టలెందులో?" అన్నారు.

వైజాగు రేవులో తనిఖీ చేసే అతను సంచీ మొత్తం బల్ల మీద బోర్లించాడు. చింతపిక్కల మూట విప్పి వాసన చూశాడు.

"ఇవేంటమ్మా?"

"చింతపిక్కలండీ. ఆడుకోవడానికి."

"విత్తనాలు ఓడలోకి తీసుకెళ్ళకూడదు."

"నాటం బాబూ. ఇనప ఓడలో ఎక్కడ నాటతాం?"

"నాటినా నాటకపోయినా విత్తనం విత్తనమేనమ్మా."

గవ్వలు మాత్రం ఒప్పుకున్నాడు. అవి సముద్రంలోవే కదా, వాటి ఊరికి అవి వెళ్తున్నాయి అన్నాడు. గాజులు చూసి బంగారమా అని అడిగాడు. బందరు బంగారమన్నాను. పంపించేశాడు. వామనగుంటల పీట మోసింది నేను, పిక్కలు వాడి దగ్గర ఉండిపోయాయి. వదిన నా చెవిలో "మీ అన్నయ్య ముందే చెప్పారు, ఈ సంచీ అక్కర్లేదని. ఆయన మాట కరెక్టేనని చెప్పు" అంది. చెప్పాను. "ఊఁ అని చెప్పు" అన్నాడు అన్నయ్య.

ఓడ కదిలాక నేను ఊహించని చిక్కొచ్చింది. వాళ్ళిద్దరికీ ఒక గది, మా ఇద్దరికీ అదే వరసలో చివరి గది. ఊళ్ళో అయితే కాలు నొప్పెట్టినప్పుడు ఈ రాయబారం ఫోన్లో నడిపించేదాన్ని. సముద్రంలోకి వెళ్ళగానే సిగ్నల్ పోయింది. చీకటి పడకముందే అన్నయ్య నడవా అంతా నడిచొచ్చి మా తలుపు కొట్టాడు.

"మీ వదినని ఏసీ తగ్గించమని చెప్పు."

"నువ్వు తగ్గించలేవా?"

"మీట ఆవిడ వైపుంది."

వెళ్ళి చెప్పి వచ్చాను. కాసేపటికి వదిన వచ్చింది. తగ్గించిందట, ఇప్పుడు చాలా అని అడిగి రమ్మంది. మా ఆయన మంచం మీంచి లేవకుండానే "ఓడ కెప్టెన్ కన్నా నీకే నడక ఎక్కువగా ఉందే" అన్నారు. ఆయన మీద విసిరిన దిండు గురి తప్పింది.

మర్నాడు పొద్దున పై డెక్కు మీద అష్టాచెమ్మా పరిచాను. మా జట్టులో మేమిద్దరం, అవతల జట్టులో అన్నయ్య, వదిన. ఒకే జట్టు గనక ఏ కాయ జరపాలో మాట్లాడుకోక తప్పదు అని నా లెక్క. వదిన గవ్వలు వేసింది. చెమ్మా పడింది.

"పండబోయే కాయ జరపమని మీ అన్నయ్యకి చెప్పు" అంది, నాతో.

"ఆ వెనక కాయకి చావుంది, అది చూసుకోమని చెప్పు" అన్నాడు అన్నయ్య, నాతో.

ఎదుటి జట్టు ఎత్తులన్నీ నా నోటితోనే నేను చెప్పాల్సి వచ్చింది. వాళ్ళ ఆటా నేనే ఆడి, మా ఆటా నేనే ఆడి, చివరికి వాళ్ళ చేతిలో ఓడిపోయాను.

రెండో ఆటలో ఇంకా తెలివితక్కువ పని చేశాను. మూగసైగలు పెట్టాను. చీటీలో మన వైపు ఊరి పేరు ఉంటుంది, భార్య సైగ చేస్తే భర్త చెప్పాలి. సంఘంలో మిగతా జంటలూ చేరాయి. అన్నయ్యతో కోడూరులో కలిసి పనిచేసిన డ్రిల్లు మాస్టారు యాకోబు గారు, ఆయన భార్య కృపావతి గారు 'బంటుమిల్లి' దగ్గరే చిక్కుకుపోయారు. కృపావతి గారు బంటుని చూపించడానికి సెల్యూట్ కొడితే, ఆయన అలవాటు కొద్దీ తిరిగి సెల్యూట్ కొట్టారు. మా వదిన లేచి మెడ కాస్త వంచి చేత్తో నీళ్ళ మీద తేలినట్టు చూపించింది, అంతే.

"హంసలదీవి అంటోందని చెప్పు" అన్నాడు అన్నయ్య నాతో.

వరసగా అన్ని ఊళ్ళూ చెప్పేశాడు. కొన్నిటికి వదిన చెయ్యి కూడా పూర్తిగా ఎత్తలేదు, కనుబొమ్మ ఎగరేసింది. నేను దగ్గర లేనప్పుడు ఇన్నేళ్ళుగా ఇంట్లో వాళ్ళు చేస్తున్న పనే అది. మొదటి బహుమతి వాళ్ళకే వచ్చింది. చప్పట్లు కొడుతూ కృపావతి గారు "మీ ఇద్దరి మనసులు ఎంతలా కలిసిపోయాయండీ" అన్నారు. రోల్డుగోల్డు గాజులు వదిన చేతిలో పెట్టి, ఒళ్ళుమంటతో సంచీ మూతి బిగించాను.

మధ్యాహ్నం యాకోబు మాస్టారు అందరినీ ఓడ కుడి పక్కకి పిలిచారు. "అదుగో మన దివిసీమ! ఆ మూలే హంసలదీవి, దాని వెనకే మన కోడూరు" అని వేలు పెట్టి చూపించారు. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు. అయినా మేమందరం కళ్ళు చిట్లించి కోడూరు చూశాం. ఒకాయనకి స్కూలు గేటు కూడా కనిపించింది. అన్నయ్య, వదిన నాకు చెరో పక్కనా నిలబడి అటే చూస్తున్నారు. పెళ్ళయిన కొత్తలో కాపురం పెట్టింది కోడూరులోనే.

"తుఫాను వస్తోందంటే అందరం స్కూల్లో తలదాచుకున్నాం, గుర్తుందేమో అడుగు" అంది వదిన. "బల్ల మీద నన్ను పడుకోబెట్టి, తను పొద్దున్దాకా నీళ్ళల్లో నిలబడ్డారు."

అన్నయ్య సముద్రం మీంచి చూపు తిప్పలేదు. "గుర్తుందని చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఇంత మంచి మాట కూడా నేనే మొయ్యాలా అని నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. వీళ్ళకి ఒకళ్ళ మీద ఒకళ్ళకి ప్రేమ లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. ప్రేమ ఉంది, మాటే లేదు. మాట లేకపోతే ఈ వేసవికి ఒకరు హైదరాబాదు, ఒకరు బందరు.

ఇక నా సంచీలో మిగిలింది నల్లగుడ్డలే. ఓడలో ఆటలాడించే కుర్రాడు ధనుష్ అని చెన్నై అబ్బాయి ఉన్నాడు. అతని దగ్గరికెళ్ళి సాయంత్రం టీ వేళ డెక్కు అడిగాను. ఆట చెప్పాను. భర్తలందరి కళ్ళకీ గంతలు కట్టి ఒక చివర నిలబెడతాం. భార్యలు ఇంకో చివర నిలబడి పిలుస్తారు. ఎవరి భార్య గొంతు వాళ్ళు పట్టుకుని, నడిచి వెళ్ళి ముట్టుకోవాలి. భార్య గొంతు తప్ప ఇంకెవరి గొంతూ లెక్కలోకి రాదు. ఈ ఆటలో మధ్యవర్తికి పనిలేదు. ఇదే నా ఆఖరి అస్త్రం.

"సూపర్ ఆంటీ" అన్నాడు ధనుష్.

పదిదాకా జంటలు వచ్చాయి. భర్తలకి గంతలు కట్టి తలా మూడుసార్లు గిర్రున తిప్పాం. ధనుష్ ఈల వేసి "లేడీస్, పిలవండి!" అని అరిచాడు.

ఆడవాళ్ళందరం ఒక్క గొంతుతో "ఏమండీ!" అన్నాం.

అప్పుడు తెలిసింది నేను చేసిన తప్పు. మా వయసు ఆడవాళ్ళలో మొగుణ్ణి పేరు పెట్టి పిలిచేదాన్ని దుర్భిణీ వేసి వెతికినా దొరకదు. గుడివాడ ఏమండీ, బందరు ఏమండీ, అవనిగడ్డ ఏమండీ, అన్నీ గాలిలో కలిసిపోయాయి. భర్తలు తలో దిక్కుకీ బయల్దేరారు. యాకోబు మాస్టారు నిటారుగా కవాతు చేస్తూ వెళ్ళి గుడివాడ హెడ్‌మిస్ట్రెస్ గారి భుజం పట్టుకున్నారు. ఆవిడ "నేను కాదండీ" అంటే, "నాకు తెలీదా" అన్నారాయన. మా ఆయన నా ఏమండీని నమ్మి సూటిగా వెళ్ళి సమోసాల పళ్ళెం పట్టుకున్న వెయిటర్ని కౌగిలించుకున్నారు. ధనుష్ నా దగ్గరికి వచ్చి "ఆంటీ, అందరి పేరూ ఏమండీయేనా?" అని అడిగాడు.

వదిన మాత్రం నోరు విప్పలేదు. చేతులు కట్టుకుని నిలబడింది.

"పిలు వదినా!"

"నువ్వు పిలు. నీ అన్నయ్యేగా."

"నేను పిలిస్తే ఆట చెల్లదు."

"చెల్లకపోతే పోనీ."

ఒక్కొక్కళ్ళే గంతలు విప్పుకుని, తప్పు మనిషి దగ్గర నాలిక్కరుచుకుని, సొంత మనిషి దగ్గరికి చేరారు. మిగిలింది అన్నయ్య ఒక్కడు. అవతలి చివర ఒంటరిగా, చేతులు కొంచెం ముందుకు చాపి, తల వంచి వింటూ నిలబడ్డాడు. ఆయన్ని ఎవరూ పిలవడం లేదు. ఈ పాడు ఆట ఎందుకు పెట్టానా అనుకున్నాను.

లెక్కల మాస్టారు కదా, ఊరికే ఎంతసేపు నిలబడతాడు? మూడుసార్లు తిప్పారు గనక మొదట చూసిన వైపే ఉన్నానని లెక్కేసినట్టున్నాడు. తన గంత కట్టుకోకముందు ఆయన్ని తిప్పింది యాకోబు మాస్టారు, మూడోసారి సగంలో వదిలేశారు. అన్నయ్య ధీమాగా అడుగేశాడు. ఈతకొలను వైపు దిగే ఇనప మెట్లు అటే ఉన్నాయి.

"అన్నయ్యా, ఆగు!" అని అరిచాను.

"నువ్వు మధ్యలో మాట్లాడకు. ఆట చెల్లదు" అంటూ నడుస్తూనే ఉన్నాడు.

జీవితంలో మొదటిసారి నా మాట ఆయనకి మాట కాకుండా పోయింది. ధనుష్ అటు పరిగెత్తాడు గానీ చాలా దూరంలో ఉన్నాడు. నా పక్కనుంచి "ఏమండీ" అని వినిపించింది. వదినే. వాడక వాడక ఆ మాట బొంగురుపోయి వచ్చింది. అన్నయ్య ఆగలేదు. ఇందాకట్నుంచి విన్న ఏమండీలలో అదొకటి అనుకున్నాడు. ముందు కాలు మెట్టు అంచు దాకా వచ్చింది.

"వేంకటేశ్వర్లూ! ఆగు!"

డెక్కంతా ఆగింది. యాకోబు మాస్టారు సమోసా నోట్లో పెట్టుకోబోతూ ఆగారు. అన్నయ్య ఎత్తిన కాలు అలాగే ఉంచి ఆగి, మెల్లగా వెనక్కి పెట్టాడు. గంత విప్పుకుని కింద మెట్లు చూశాడు. తర్వాత మా వైపు తిరిగాడు.

"ఎవరది, నన్ను పేరు పెట్టి పిలిచింది?"

"నేనే" అంది వదిన.

"ఆగు అంటావా? నన్ను ఏకవచనంలో?"

"ఆగకపోతే ఆ మెట్ల మీంచి పడేవారు. ముందు ఏమండీ అనే అన్నాను. విన్నారా?"

"ఇందాకట్నుంచి ఇంతమంది ఏమండీ అని అరిచారు, అందులో నీది ఏదో నాకెలా తెలుస్తుంది?"

"నా గొంతు మీకు తెలీదా?"

అన్నయ్య నల్లగుడ్డని చేతుల్లో మడిచాడు, విప్పాడు. "విని ఎన్నాళ్ళయింది మహేశ్వరీ" అన్నాడు.

వదిన ముఖం ఎర్రబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ మాట మెత్తబడలేదు. "కూర్చోమన్నదెవరు? మైకు ముందు నిలబడ్డదాన్ని, అంతమందిలో కూర్చోమన్నదెవరు?"

"కూర్చోమన్నాను. జన్మంతా మాట్లాడొద్దన్నానా?"

"ఎందుకు కూర్చోమన్నారు?"

"నువ్వు చెప్తే నాకు అక్కడే ఏడుపొచ్చేసేది. పిల్లలందరూ ఉన్నారు. నా పరువు పోయేది."

"ఈ ముక్క ఆ రోజే చెప్పొచ్చుగా!"

"ఎవరితో చెప్పను? నువ్వు మాట్లాడితేగా!"

అక్కణ్ణుంచి ఆపడం ఎవరి తరం కాలేదు. శాలువా ఎవరికిచ్చేశారని ఆవిడ, మందులు తనని అడక్కుండా మార్పించిందని ఈయన. టీలు చల్లారిపోయాయి. కృపావతి గారు నా దగ్గరికి వచ్చి, "పొద్దున్న అంత చక్కగా ఉన్నారు, ఇంతలోనే ఎంత గొడవండీ, పాపం" అన్నారు. ఆవిడకి ఏం చెప్పాలో తెలియక నేను ఆవిణ్ణి పట్టుకుని ఏడ్చేశాను. ఆవిడ మా ఇంటి పరువు గురించి ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరారు. ఆటలో మాత్రం వాళ్ళే ఓడిపోయారు. అన్నయ్య చివరికి వదినని ముట్టుకోనే లేదని ధనుష్ తేల్చాడు.

మర్నాడు చెన్నైలో దిగాలి. పెట్టెలు సర్దుకుని, అలవాటు కొద్దీ వాళ్ళ గది తలుపు కొట్టాను. వదిన కొంచెమే తీసింది.

"వదినా, అన్నయ్య బీపీ బిళ్ళ వేసుకున్నాడేమో కనుక్కుని..."

"నేనడుగుతాలే" అంది. "అయినా మొగుడూ పెళ్ళాల మధ్య నువ్వెందుకే?"

తలుపు వేసేసింది. చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు మెట్లెక్కి దిగిన మోకాళ్ళు నావి. మరుక్షణం ఎంత సంతోషమేసిందంటే అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయాను. మా ఆయన పెట్టె లాక్కుంటూ వచ్చి, "ఏమంటున్నారు లోపల?" అని అడిగారు.

చెవి ఒగ్గి విన్నాను. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదు.